చీటీలో తేలే విషయం కాదిది: ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల టీచర్లకు ఒక బహిరంగ లేఖ

వక్తృత్వ, వ్యాసరచన పోటీలు పెట్టే సార్లకు, మేడాలకు,

నమస్కారం. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఉండేది నల్లగొండలోనే. రిటైరయిన మనిషికి పనేముంటుందన్న ధీమాతో మీరు నన్ను పోటీలకు న్యాయనిర్ణేతగా పిలుస్తుంటారు. నేనూ సంతోషంగానే వస్తుంటాను. పహల్గాం తర్వాత ఎక్కడికి పోయినా ఒకటే అంశం ఎదురవుతోంది: ‘యుద్ధం శాంతికి మార్గమా? అనుకూలం, ప్రతికూలం’. ఈ ప్రశ్నను మార్చమని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు మార్చాలో, బదులుగా ఏం అడగాలో చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పోటీ ఎట్లా జరుగుతుందో మీకు తెలియంది కాదు. స్టీలు గ్లాసులో చీటీలు వేస్తారు. చేతికి ఏ చీటీ వస్తే ఆ పిల్లకు ఆ పూటకు అదే సిద్ధాంతం. ‘ప్రతికూలం’ వచ్చిందంటే అశోకుడు, కళింగ, హిరోషిమా, గాంధీజీ వరుసగా దిగుతారు. ‘అనుకూలం’ వచ్చిందంటే కురుక్షేత్రం, కార్గిల్, ఆపరేషన్ సిందూర్, చివర పిడికిలి బిగించి జైహింద్. మూడు నిమిషాలకు గంట కొడతారు. గొంతు ఎవరిది బాగుంటే కప్పు వాళ్ళది. పిల్లల తప్పేం లేదు, మనం రాసిచ్చిందే వాళ్ళు అప్పజెప్తున్నారు.

ఈమధ్య ఒక పోటీ అయిపోయాక, భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడితే ఒక తొమ్మిదో తరగతి పిల్లగాడు పక్కకొచ్చి నిలబడ్డాడు. వాడికి ప్రైజు రాలేదు. అందుకు వచ్చాడేమో అనుకున్నా. వాడడిగింది వేరు. “సార్, మా ముత్తాత దళంల ఉండెనట. తుపాకి పట్టిండట. ఆయనది అనుకూలమా, ప్రతికూలమా?” అన్నాడు. వాడు చెప్పేది తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల మీద, నిజాం మీద కొట్లాడిన కమ్యూనిస్టు దళం గురించి. చీటీలో వాడికి ‘ప్రతికూలం’ వచ్చింది. ‘హింస ఏ సమస్యకూ పరిష్కారం కాదు’ అని అప్పుడే చెప్పి దిగాడు. స్టేజీ మీద చెప్పిన మాటకూ, ఇంట్లో గోడకు వేలాడే ఫొటోకూ వాడికి పొత్తు కుదరలేదు.

వాడికి నేను అక్కడ చెప్పింది కొంతే. పప్పు చల్లారేలోపు చెప్పగలిగే జవాబు కాదది. మిగతాది మీకు చెబుతున్నాను, ఎందుకంటే రేపు క్లాసులో వాడికి ఎదురుపడేది మీరు.

నల్లగొండ పిల్లలు నల్లగొండ పేరెత్తకుండా యుద్ధం గురించి మాట్లాడి దిగిపోవడమే నా మొదటి ఫిర్యాదు. దేశంలో ఈ ప్రశ్నను నెత్తురుతో పరీక్షించి చూసిన జిల్లాలు చాలా కొన్నే. వాటిలో మనది ముందు వరుస. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయేనాటికి ఆ ఊరు నల్లగొండ జిల్లాలోదే, జనగామ తాలూకా. ఇప్పుడు జనగామ వేరే జిల్లా అయింది, కాబట్టి మన పిల్లలకు అది పక్క జిల్లా సంగతిగా మిగిలింది. విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 ఊళ్ళు, 40,000 ఎకరాలు ఉండేవని చెబుతారు. వెట్టి, నాగుల మీద గింజలు (వడ్డీకిచ్చే ధాన్యం), నజరానాలు, బేదఖళ్ళు (భూమి నుంచి రైతును వెళ్ళగొట్టడం). పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నాలుగెకరాల కౌలు చేను కోసుకోవడానికి ఆంధ్రమహాసభ సంఘం మొత్తం కదిలి రావాల్సి వచ్చింది. ఆమె కేసు కోర్టుకు ఎక్కింది కూడా. అర్జీలు పెట్టారు, ఆంధ్రమహాసభ తీర్మానాలు చేసింది, వకీళ్ళు వాదించారు. కడవెండిలో జనం ఊరేగింపుగా దొర గడి (కోటలాంటి ఇల్లు) ముందు నుంచి పోతుంటే వాళ్ళ చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తూటా వచ్చింది గడి నుంచి.

ఆ రోజు ఆ జనానికి ‘హింస ఏ సమస్యకూ పరిష్కారం కాదు’ అని చెప్పగల మొహం నాకు లేదు. మీకుంటుందనీ అనుకోను. అంతకుముందు ఆ ఊళ్ళో శాంతి ఉందనుకుంటేనే కదా, కొమరయ్య సావుతో అది చెడిందనేది! దొర ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచే ఊరు నిశ్శబ్దంగానే ఉంటుంది. దాన్ని శాంతి అని రాయించకండి పిల్లలతో.

గాంధీజీ పేరు చెప్పి ఈ వాదనను కొట్టేయడానికీ లేదు. పిరికితనం, హింస ఈ రెండే దారులుంటే హింసకే మొగ్గుతానని ఆయన 1920లోనే రాశాడు. 1947లో కాశ్మీర్‌కు సైన్యాన్ని పంపితే దాన్ని వ్యతిరేకించలేదు. అశోకుడి సంగతి ఇంకా చిత్రం. పదమూడో శిలాశాసనంలో కళింగలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నర మందిని తరలించారనీ తానే చెప్పి బాధపడ్డాడు. నిజమే. కానీ కళింగను తిరిగి ఇవ్వలేదు. సైన్యాన్ని రద్దు చేయలేదు. అదే శాసనంలో అడవి జనాలకు, పశ్చాత్తాపపడ్డా నా దగ్గర బలం ఉందని గుర్తుచేశాడు. ఆ బాధంతా చెప్పిన శాసనాన్ని కళింగ గడ్డ మీద, ధౌళి, జౌగడ దగ్గర, చెక్కించనే లేదు. దెబ్బతిన్నవాళ్ళకు తప్ప అందరికీ క్షమాపణ వినిపించింది. ఇదంతా పాఠంలో ఉండదు. పాఠంలో ఉండేది కత్తి పారేసిన అశోకుడి బొమ్మ.

ఇంతవరకు చదివి, ఈయన ‘అనుకూలం’ చీటీ తీశాడు అనుకుంటారేమో. ఆగండి. అదే నల్లగొండలో ఇంకో సగం కథ ఉంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. దాన్నే పోలీస్ యాక్షన్ అంటారు. తూర్పు నుంచి వచ్చిన దండు విజయవాడ రోడ్డు మీదుగా మునగాల, సూర్యాపేట దాటింది. వెనక్కిపోతూ నిజాం సైనికులు మూసీ వంతెనను పేల్చారు, దానికి కాపలా కాయలేదు, మన సైనికులు వెంటనే బాగుచేసుకుని నడిచారు. 17న నిజాం లొంగిపోయాడు. అంతకు మూడు వారాల ముందే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి మనుషులను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, బురుజు ఇప్పటికీ ఉంది. ఊరివాళ్ళు అంతకుముందు దాడులను ఆ బురుజు మీది నుంచే తిప్పికొట్టారు. బైరాన్‌పల్లి తలుచుకున్న ఎవరికైనా, సైన్యం మూడు వారాలు ముందొస్తే బాగుండేదే అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. ఐదు రోజుల్లో రజాకార్ల పీడ వదిలింది, అది మామూలు సంగతి కాదు.

మరి ఆరో రోజు? ఆ ఐదు రోజుల తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని వాళ్ళు అంచనా కట్టారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. బైరాన్‌పల్లిలో చచ్చినవాళ్ళకు ఎంత సంబంధమో రజాకార్లతో, నాందేడ్ పల్లెలో చచ్చిన నేతపనివాడికీ, పాలేరుకూ అంతే సంబంధం. మన క్లాసుల్లో మొదటిది చెబుతాం, రెండోది చెప్పం. ప్రతి సెప్టెంబరు 17కూ విమోచనమా, విలీనమా, సమైక్యతా, ప్రజాపాలనా అని పార్టీలు పేరు కోసం కొట్టుకుంటాయి, జెండా ఎగరేసి లడ్డూలు పంచి ఇంటికి పోతాం. గెలిచినవాడు మరునాడు పొద్దున ఎవరికి కాపలా పెట్టాడు అన్న ప్రశ్న ఎవరూ అడగరు.

దళాల వైపూ ఇదే చిక్కు వచ్చింది. నిజాం పోయాడు. ఇక తుపాకులు దించాలా, వద్దా? కమ్యూనిస్టు పార్టీలో పెద్ద పంచాయితీ నడిచింది. భువనగిరి దగ్గర బొల్లేపల్లివాడు, భూస్వామి ఇంట పుట్టి ఉద్యమానికి పెద్దదిక్కయిన రావి నారాయణరెడ్డి, ఆపాలి అన్నాడు. ఆపకూడదు అన్నవాళ్ళకూ కారణం లేకపోలేదు. గడీలు వదిలి పట్నం పారిపోయిన దేశ్‌ముఖ్‌లు మిలిట్రీ జీపుల వెనకాలే ఊళ్ళోకి తిరిగొచ్చారు. పంచుకున్న భూములు గుంజుకోవడం మొదలైంది. అట్లాంటప్పుడు తుపాకి కింద పెట్టమంటే ఎవరు పెడతారు? ఈ వాదన తీసిపారేసేది కాదు. కానీ 1946లో ‘వెట్టి పోవాలి, బేదఖలు ఆగాలి, నా గింజలు నాకు దక్కాలి’ అని మొదలైంది, 1948 తర్వాత దేశంలో రాజ్యం మారేదాకా అన్నంత దూరం పోయింది. మొదటిది ఒక ఊరు చేతికందే లెక్క. రెండోదానికి ఏ ఊరూ లెక్క కట్టలేదు. 1951 అక్టోబరు 21న విరమించేసరికి పార్టీ లెక్కల ప్రకారమే దాదాపు 4,000 మంది పోయారు. వాళ్ళలో చాలామంది పోయింది నిజాం పోయిన తర్వాతే.

ఆ మూడేళ్ళు మా ఊళ్ళో ఎట్లా గడిచాయో మా నాయనమ్మ చెప్పేది. పగలు మిలిట్రీ, రాత్రి దళం. రాత్రి ఆకలితో వచ్చిన పిల్లలకు అన్నం పెట్టకుండా ఉండలేరు, వాళ్ళలో మేనల్లుడు కూడా ఉండె. తెల్లారితే క్యాంపు పోలీసులు వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళట. ఎవరొచ్చారు అని అడిగేవాళ్ళు కాదట. “రాత్రి ఎసరు ఎంతకు పెట్టినవ్?” అని కుండ తిప్పి చూసేవాళ్ళట. ఇంట్లో ఐదుగురుంటే, కుండ అడుగున పది మంది అన్నం ఉడికిన మాడు ఉంటే చాలు, ఇంటి మగవాణ్ణి తీసుకుపోవడానికి. అందుకని మా నాయనమ్మ ఒకే కుండలో రెండుసార్లు వండేదట, మొదటిసారి వండిన గుర్తులు పోయేటట్టు బూడిదతో తోమి. వెట్టి పోయిందని ఆమెకు సంతోషమే. దళం పిల్లలంటే ప్రాణమే. కానీ ఆ మూడేళ్ళ గురించి చెప్పేటప్పుడు గెలిచాం, ఓడాం అనే మాటలేవీ ఆమె నోట రాలేదు. కుండ తోమిన సంగతే చెప్పేది.

అందుకని, సార్లూ, యుద్ధం న్యాయమా, అన్యాయమా అనే ప్రశ్న నాకు సగం ప్రశ్నలాగే కనిపిస్తుంది. మన ఊళ్ళల్లో గెట్టు (పొలం హద్దు) పంచాయితీ వచ్చినప్పుడు, కర్రలు పట్టుకుని వచ్చినవాణ్ణి పెద్దమనిషి మొదట ఏమడుగుతాడో గుర్తుచేసుకోండి. నీది న్యాయమా అని అడగడు. ఎవడైనా నాదే న్యాయం అంటాడు. “ఎక్కడిదాకా జరిగితే ఊకుంటవ్? అది చెప్పు ముందుగాల” అంటాడు. దానికి జవాబున్నవాడితో పంచాయితీ తెగుతుంది. జవాబు లేనివాడు గెట్టు కోసం రాలేదు, కొట్లాట కోసం వచ్చాడని అందరికీ అర్థమైపోతుంది.

పోరాటం శాంతికి పనికొస్తుందా అంటే, పనికొచ్చిన సందర్భాలున్నాయి. ఏం దక్కితే ఆపుతామో మొదలుపెట్టకముందే చెప్పగలిగినచోట, ఆ దక్కింది దక్కగానే నిజంగా ఆపినచోట. ఎంత న్యాయమైన కారణంతో మొదలైనా, ఈ జవాబు లేని యుద్ధం తనను మొదలుపెట్టిన కారణాన్నే తినేస్తుంది.

1971 చూడండి. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకా లొంగింది, 93,000 మంది బందీలయ్యారు. ఆ ఊపులో పశ్చిమాన కూడా ముందుకు పోదామన్నవాళ్ళు ఢిల్లీలో ఉన్నారు. ఇందిరాగాంధీ మరునాటి నుంచే పశ్చిమాన కాల్పులు ఆపుతున్నామని తనంతట తానే ప్రకటించింది. 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది. దుర్గమ్మ అని పొగిడేవాళ్ళు ఢాకా దాకా చెబుతారు, ఈ ఆపిన సంగతి చెప్పరు. నన్నడిగితే ఆ యుద్ధంలో గొప్ప ఘట్టం అదే.

దానికి పక్కనే శ్రీలంక పెట్టండి. 1987లో మనం పంపిన దండు పేరులోనే శాంతి ఉంది, భారత శాంతి పరిరక్షక దళం. ఒప్పందం నిలబెట్టడానికి పోయి, కొన్ని నెలల్లోనే ఎల్‌టీటీఈ తమిళ పులులతో యుద్ధంలో కూరుకుపోయింది. వెయ్యికి పైగా మన జవాన్లు పోయారు, తమిళ సామాన్యులు ఎంతోమంది పోయారు. 1990 మార్చిలో తిరిగొచ్చింది. ఏం జరిగితే వెనక్కి వస్తామో పోయేటప్పుడు తేల్చుకోలేదు. పేరులో శాంతి పెట్టినంత మాత్రాన ఆ జవాబు దొరకలేదు.

పాలమూరు సార్లకు నారాయణపేట గుర్తుచేయనక్కర్లేదు, అయినా చెబుతాను. 2004 అక్టోబరులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలు ఏళ్ళ తరబడి రెండు వైపులా తిరిగి కూర్చోబెట్టారు. దానికోసం ఆయన పడ్డ పాట్లు ఒక పుస్తకమవుతాయి. కొన్ని నెలలు మన పల్లెల్లో కాల్పులు ఆగాయి. ఆయుధాలు దించాలని ప్రభుత్వం, భూమి సంగతి తేల్చాలని నక్సలైట్లు, ఎన్‌కౌంటర్లు మళ్ళీ మొదలు. జనవరి 2005కల్లా అంతా అయిపోయింది. అదే ఏడు ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, పక్కనున్న మరికొందరిని నక్సలైట్లు కాల్చి చంపారు. స్వాతంత్ర్య దినం నాడు. రెండు రోజులకు వాళ్ళ పార్టీ మీద నిషేధం మళ్ళీ వచ్చింది, నల్లమల పల్లెలకు మళ్ళీ పగలొకరు, రాత్రొకరు. ఒక్క ఎమ్మెల్యే చస్తే ఏ ఎకరం ఎవరికి దక్కిందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. ఎన్‌కౌంటర్లో ఒక పిల్లగాడు చస్తే ఏ ఊరికి భద్రత పెరిగిందో కూడా చెప్పలేకపోయారు.

ఇక పోచంపల్లి. ‘ప్రతికూలం’ చీటీకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు, అయినా మన పిల్లల నోట అది రాదు. చీరలకే గుర్తొస్తుంది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చాడు. దళితులు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడ పుట్టింది. చాలా అందమైన ఘట్టం. కానీ తేదీ చూడండి, 1951 ఏప్రిల్. అప్పటికింకా దళాలు విరమించలేదు. చుట్టూ ఐదేళ్ళ పోరాటం లేకపోతే వినోబా నల్లగొండ జిల్లానే ఎందుకు ఎంచుకుని నడిచాడు? ఇచ్చినాయన మంచి మనసును తక్కువ చేయడం లేదు. అటువంటి మనసులు అంతకుముందూ ఉండే ఉంటాయి, అవి లేచి నిలబడటానికి ఊళ్ళో ఏదో కదలాలి. 1949లో జాగీర్లు రద్దు కావడానికి, 1950లో రక్షిత కౌలుదారు చట్టం రావడానికి వెనకాల కూడా ఆ కదలికే ఉంది. మరోవైపు, దళం పంచిన భూమిని మిలిట్రీ గుంజుకుంటే అడ్డుపడే కాగితం లేదు. వినోబా అడిగి తీసుకున్నదానికి కాగితం పుట్టింది. (ఆ కాగితాల మీద ఆ తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల జరిగిన భూదాన్ భూముల దందా గురించి నన్ను అడగకండి, ఈ ఉత్తరం ఎప్పటికీ అయిపోదు.)

రావి నారాయణరెడ్డి 1952లో నల్లగొండ నుంచి పీడీఎఫ్ (అప్పట్లో కమ్యూనిస్టులు పోటీ చేసిన వేదిక) తరఫున పార్లమెంటుకు నిలబడ్డాడు. మూడు లక్షలకు పైగా ఓట్లు, నెహ్రూకన్నా ఎక్కువ, దేశంలోనే ఎక్కువ. ఆపాలి అన్నవాణ్ణి జనం పిరికివాడని తీసేయలేదు. మొదలుపెట్టినందుకూ, ఆపమన్నందుకూ, రెంటికీ కలిపి వేశారు ఆ ఓట్లు. నేను చదివినదాన్నిబట్టి నాకట్లా అనిపిస్తుంది.

భారత కథ మీకు నేను చెప్పేదేముంది. చిందు భాగోతం చూసి పెరిగిన ఊళ్ళు మనవి. కృష్ణుడు రాయబారానికి పోయి అడిగింది ఐదు ఊళ్ళు. ‘ఇవి ఇస్తే యుద్ధం లేదు’ అనే లెక్క ముందు పెట్టాడు. సూదిమొన మోపినంత కూడా ఇవ్వనన్నవాడికి లెక్కే లేదు. మన పిల్లలు ‘అనుకూలం’ అని కురుక్షేత్రం గురించి ఆవేశపడతారు కదా, వాళ్ళకు రాయబారం చెప్పండి. యుద్ధం అయిపోయాక గాంధారి ఆ నేల మీద తిరుగుతూ ఒక్కొక్క శవాన్నీ గుర్తుపట్టే భాగం కూడా చెప్పండి. గెలిచిన ధర్మరాజు కూడా ఆనందంగా సింహాసనం ఎక్కలేదు.

సూర్యాపేటలో కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. పిల్లలు దాని ముందు సెల్ఫీలు తీసుకుంటారు, తీసుకోనివ్వండి. కానీ 2020 జూన్ 15న గల్వాన్‌లో ఆయన ఏ పని మీద పోయాడో చెప్పండి. రెండు సైన్యాల అధికారులు మాట్లాడుకుని ఒప్పుకున్నట్టు చైనావాళ్ళు వెనక్కి పోయారో లేదో చూడటానికి పోయాడు. మాట నిలబడిందో లేదో చూడటానికి పోయిన మనిషి. అక్కడ తుపాకులు పేలలేదు, ఎందుకంటే సరిహద్దు దగ్గర కాల్చకూడదని 1996లో రెండు దేశాలూ రాసుకున్నాయి. రాళ్ళతో, మేకులు దిగేసిన కర్రలతో కొట్టుకున్నారు, 20 మంది మనవాళ్ళు పోయారు. ఆ ఒప్పందమే లేకపోతే ఆ రాత్రి ఎంతదూరం పోయేదో. ఆయన్ను వీరుడు అనడానికి ఆ విగ్రహం చాలు. ఆయన దేనికి కాపలా కాశాడో తెలియడానికి మాత్రం టీచరే కావాలి.

2025 మే నెల సంగతి ఇంకా పచ్చిగా ఉంది. పహల్గాంలో ఏప్రిల్ 22న 26 మందిని చంపారు, మే 7న మనం కొట్టాం, 10న కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజులు టీవీలు చూసినవాళ్ళకు తెలుసు. సైరన్ మోత వాడొద్దని ప్రభుత్వమే చానెళ్ళకు చెప్పాల్సి వచ్చింది. కరాచీ రేవు కాలిపోయిందన్నారు, అది అబద్ధమని తేలింది. కాల్పులు ఆగిన రాత్రి మా వీధిలో కొందరు మోసపోయినట్టు బాధపడ్డారు. ‘అప్పుడే అయిపోయిందా?’ అన్నారు. నాకు భయమేసింది ఆ మాటకు. కొట్టడం సరే, కాదనను, చంపినవాణ్ణి ఊరికే వదలమని ఎవరంటారు? ఆగడం కూడా గెలుపులో భాగమని వాళ్ళకు మనం క్లాసులో చెప్పలేదు. సరిహద్దు ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైనే ఉంది కాబట్టి ఆ బాధ పడటానికి ఖర్చు లేదు. ఖర్చు లేదని కూడా అనలేం. నారాయణపేట పిల్లగాడొకడు ఉద్యోగమని నమ్మి రష్యా పోతే, తీసుకుపోయి ఉక్రెయిన్ యుద్ధంలో దించారు. 2024లో ప్రాణాలతో బయటపడి వచ్చాడు. హైదరాబాద్ పిల్లగాడొకడు రాలేదు. వలసల జిల్లాకు ఏ యుద్ధమూ దూరం కాదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను.

పోటీ పెట్టండి, కానీ ప్రశ్న మార్చండి. ‘కడవెండి జనం కర్ర పట్టుకోకుండా ఉండాల్సిందా?’ అని అడగండి. ‘1948 సెప్టెంబరు 18న నువ్వు దళంలో ఉంటే ఏం చేసేవాడివి?’ అని అడగండి. ‘నల్లగొండ పిల్లవాడు నాందేడ్ పిల్లవాడికి ఉత్తరం రాస్తే ఏం రాస్తాడు?’ అని అడగండి. అనుకూలం, ప్రతికూలం చీటీలు మాత్రం తీసేయండి. పిల్లలు రెండు వైపులా మాట్లాడి, ఆఖరికి ఎటు నిలబడతారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. తేల్చుకోలేకపోయామని చెప్పినవాళ్ళకు మార్కులు కోయకండి.

మీ ఇబ్బంది నాకు తెలుసు. రజాకార్లంటే ఒకరికి కోపం, సుందర్‌లాల్ అంటే ఇంకొకరికి కోపం, దళం అంటే పోలీసులకు అనుమానం. తెల్లారి ఏ తల్లిదండ్రులు ఫోన్ చేస్తారో, ఏ లీడరు బడి ముందు ధర్నాకు కూర్చుంటాడో అన్న టెన్షన్ మీకుంటుంది. జీతం మీది, బదిలీ మీది, సలహా నాది. అందుకే ఒక తేలిక దారి చెబుతున్నా. మీరేం చెప్పొద్దు, పిల్లలను ఇంటికి పంపండి. ఎనభై ఐదు దాటిన ముసలవ్వలు ఊరికి ఒకరిద్దరైనా ఇంకా ఉన్నారు. ‘ఆ రోజుల్లో మీ ఇంటికి రాత్రి ఎవరొచ్చేవాళ్ళు, పగలు ఎవరొచ్చేవాళ్ళు?’ అని అడిగి రాసుకు రమ్మనండి. ముస్లిం ఇళ్ళల్లో కూడా అడగమనండి, పోలీస్ యాక్షన్ అప్పుడు మీవాళ్ళు ఎక్కడ దాక్కున్నారు, ఎవరు దాచారు అని. దాచినవాళ్ళు చాలా ఊళ్ళల్లో ఉన్నారు, వాళ్ళకు విగ్రహాలు లేవు. ఇంకో ఐదారేళ్ళకు అడగడానికి ఎవరూ మిగలరు.

ఆ తొమ్మిదో తరగతి పిల్లగాడు మీలో ఎవరి బడిలో ఉన్నాడో నేను చెప్పను. వాడొక్కడే ఉండడు కాబట్టి చెప్పక్కర్లేదు కూడా.

ఇకమీద కూడా న్యాయనిర్ణేతగా పిలిస్తే వస్తాను. ఒక్కటే షరతు. నాకు కప్పే శాలువా, ఇచ్చే మెమెంటో మానేయండి. ఇంట్లో పెట్టడానికి చోటు లేదు. ఆ డబ్బుకు మరికొంత కలిపి ఒక ఆదివారం పిల్లలకు బస్సు మాట్లాడండి. పొద్దున బైరాన్‌పల్లి బురుజు, మధ్యాహ్నం కడవెండి, సాయంత్రం పోచంపల్లి. బస్సుకు డబ్బు తక్కువ పడితే నా వాటా నేనిస్తాను. సద్ది మాత్రం ఎవరిది వాళ్ళు కట్టుకోవాలి.

ఇట్లు,
నల్లగొండ నుంచి,
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్